పొడుగు తోక, పొట్టి తోక

ఈ పొద్దున కొత్త బియ్యం బస్తా విప్పబోయి భంగపడ్డాను. మూతి మీద కుట్టిన దారం కొస దొరకబుచ్చుకుని లాగాను. ఊడలేదు. ఇంకాస్త గట్టిగా లాగితే ఇంకాస్త గట్టిగా బిగుసుకుంది. బస్తాకూ నాకూ మధ్య ఈ పంతం కాసేపు నడిచాక నా భార్య టీ గిన్నె దించి వచ్చింది. "ఇటు జరుగుండ్రి" అని నన్ను పక్కకు నెట్టి, అవతలి చివర వేలాడుతున్న పొడుగు కొసను రెండు వేళ్లతో పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. సర్రుమని కుట్టంతా ఊడి ఆమె చేతికి వచ్చింది. బస్తా నోరు తెరిచింది. నేనూ తెరిచాను.

ఆమె ఆ దారాన్ని వేలికి చుట్టుకుంటూ ఒకసారి నా మెడకేసి చూసింది. "ఇంక నేర్వకపోతిరి" అంది.

ఆ చూపు వెనక ఒక మనిషి ఉన్నాడు. పోయిన వానాకాలం పోయిన మనిషి.

ఆయన్ని మా పేట, మట్టెవాడంతా సేటు అనేది. నేను అన్నా అనేవాణ్ణి. వ్యాపారం కేసముద్రం మార్కెట్ యార్డులో, రైతుల వడ్లు, మక్కలు కమీషన్‌కు అమ్మిపెట్టే అడ్తి. ఇల్లు మాత్రం మా గల్లీలో, నా మందుల షాపుకు ఎదురుగా. మందుల కొట్టువాణ్ణి కాబట్టి నేను పుట్టు మందకొడిని. ఆయన సరిగ్గా దానికి విరుద్ధం. కూర్చుంటే లేచేవాడు, లేస్తే నడిచేవాడు, నడుస్తూ దారిలో ఏ బండి కనబడినా దాని వీపు మీద అరచేత్తో చరిచి "పోనియ్, పోనియ్" అనేవాడు. యార్డులో లారీలు నిండగానే అట్లా చరిచి సాగనంపడం అలవాటు. ఆ అలవాటు ఆయనతో పాటు ఊళ్లోకి వచ్చింది. ఆటో ఆగితే చరిచేవాడు, పాల వ్యాను ఆగితే చరిచేవాడు. ఒకసారి ఫంక్షన్ హాలు ముందు ఆగిన పెళ్లికొడుకు కారును కూడా చరిచి పంపించేశాడు. ఎదురుకోలుకు వచ్చిన పిల్ల తండ్రి దండ చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

ఇక ఆయన మెడ. ఈ కథంతా ఆ మెడదే.

ఆ మెడలో ఎప్పుడూ మూడు తాళ్లుండేవి. కళ్లద్దాల దారం ఒకటి, యార్డు గుర్తింపు కార్డు తాడు ఒకటి, దుర్భిణి పట్టీ ఒకటి. మూడూ ఒకదానిలో ఒకటి చిక్కుకునేవి. పిట్ట కనబడి దుర్భిణి ఎత్తితే కార్డు కంటికి అడ్డం వచ్చేది. కార్డును విసిరితే అద్దాలు ఊడేవి. అద్దాలు సర్దుకునేలోగా పిట్ట పక్క మండలానికి చేరేది. "నాకు కట్టింది ఒక్క తాళి, మీరు కట్టుకున్నయి మూడు తాళ్లు" అనేది వదిన.

దుర్భిణి మంచి విదేశీ సరుకు. ధర ఇక్కడ రాయను, వదిన చదువుతుంది. యార్డులో వడ్ల కుప్పల మీద వాలే పిట్టల వల్ల దాని అవసరం పడింది. "నా అడ్తిల తింటానై, నాకు జెప్పకుంట యాడికి పోతానై" అన్నది ఆయన అనుమానం. అంతవరకు పిట్టల్ని అదిలించిన మనిషి, వాటి వెంట పడి చెరువులు తిరగడం మొదలుపెట్టాడు. పుస్తకంలో ఉండే పేర్లు ఆయనకు పట్టవు. వడ్ల పిట్ట, మక్క పిట్ట, పెసర పిట్ట. ఏ పంటా తిననివాటిని "మంచి పిట్ట" అనేవాడు.

దుర్భిణిలో లోకం ఎంత నిర్మలంగా కనబడేదో దాని పట్టీ అంత చికాకు పెట్టేది. అంత గొప్ప అద్దాలు చేసినవాళ్లు పట్టీ దగ్గరికి వచ్చేసరికి పట్టు తప్పారు. పట్టీ మీద కంపెనీ పేరు ఉబ్బెత్తుగా కుట్టి ఉండేది. చెమట పడితే ఆ అక్షరాలు మెడను గీకేవి. తిరగేసి వేసుకుంటే మెలి పడేది. పొట్టిగా పెట్టుకుంటే రొమ్ము ఎముకకు తగిలేది. పొడుగ్గా వదిలితే అడుగడుక్కీ పొట్ట మీద డబ్బు డబ్బుమనేది. దుర్భిణి మోసేవాడికీ గర్భిణికీ నడకలో తేడా ఉండదని నాకు ఆయన్ని చూశాకే తెలిసింది. రెండు చేతులూ పొట్ట మీద, నడుము వెనక్కి, అడుగు వెడల్పుగా. హడావిడిగా ఎత్తితే కంటికీ అద్దానికీ మధ్య పట్టీ వచ్చి కూర్చునేది. వాన తగలకుండా పైన వేసే మూత రెప్పలా పడిపోయేది. కళ్లజోడు ఉన్నవాళ్లు కిందికి తిప్పుకోవాల్సిన రబ్బరు చుట్లు తమంతట తాము పైకి లేచేవి. కుడికంటి దగ్గర చూపు సరిచేసుకునే చక్రం ఒకటుంటుంది. అది పొట్టకు రాసుకుని దానంతటది తిరిగేది. "నా బొజ్జకు సైటు వచ్చింది తమ్మీ, మల్ల తిప్పింది" అనేవాడు.

భుజాల మీద వేసుకునే బెల్టు కూడా తెప్పించాడు, వీపు మీద ఇంటూ మార్కులా ఉండేది. అది వేసుకున్నాక విప్పడం ఆయనకు చేతకాలేదు. వదిన ఊళ్లో లేని రోజు నా షాపుకు వచ్చి, జ్వరం బిళ్లల కోసం నిలబడ్డ జనం ముందు "తమ్మీ, జర నన్ను విప్పు" అన్నాడు. ఆ బెల్టు ఇప్పుడు వాళ్లింట్లో గ్యాస్ సిలిండరు మోసే తాడుగా స్థిరపడింది.

మెడ నొప్పి వచ్చింది. రాక తప్పదు. నేను మెడకు పెట్టుకునే నురుగు కాలరు అమ్మాను, ఇకనైనా పట్టీ మానేస్తాడని. ఆయన కాలరు పెట్టుకుని దాని మీద పట్టీ వేసుకుని, "ఇప్పుడు మెత్తగున్నది" అన్నాడు. రోగానికి మందిస్తే రోగం ఆ మందునే పరుపు చేసుకుని పడుకుంది.

పట్టీకి ఒక పక్క ప్లాస్టిక్ క్లిప్పు ఉండేది, నొక్కితే ఊడేది. ఒకనాడు ఎవరూ నొక్కకుండానే ఊడింది. యార్డులో రామచిలుకల గుంపును చూసి దుర్భిణి దించితే అది పొట్ట మీద ఆగకుండా నేరుగా మక్కల కుప్పలో పడింది. మక్కలు కాబట్టి బతికింది. ఆయన మాత్రం సగం చచ్చాడు. "ప్లాస్టిక్‌ను నమ్ముకుంటె గింతే" అని అక్కడికక్కడ క్లిప్పును కోసి పారేసి, పట్టీ కొసలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, బస్తాలు కుట్టే మిషనుతో సర్రున కుట్టేశాడు. హమాలీలు నవ్వారట. అంత నాజూకు విదేశీ పట్టీ మీద తెల్లటి బస్తా కుట్టు, పట్టుచీరకు సుతిలి తాడుతో అతుకు వేసినట్టుండేది.

ఆ కుట్టు సంగతి కొంచెం చెప్పాలి. ఒకే దారం గొలుసులా అల్లుకుంటూ పోతుంది. మొదలుపెట్టిన చోట పొట్టి కొస మిగులుతుంది, ముగించిన చోట పొడుగు కొస. పొట్టిది లాగితే బిగుస్తుంది. పొడుగుది లాగితే మొత్తం ఒక్క ఊపులో ఊడుతుంది. ఆయన వాటిని కొసలనేవాడు కాదు, తోకలనేవాడు.

"పొట్టి తోక ముడి, పొడుగు తోక విడి. యాదికుంచుకో తమ్మీ."

"నాకెందుకన్నా?"

"ఎవలికన్న ఒకలికి తెలిసుండాలె. కుట్టు మెడ ఎన్కకున్నది. నా మెడ ఎన్క నాకు కండ్లు లెవ్వు."

ఆ మాట ఆయనకు కంఠస్థం. కంఠం కూడా ఆయనదే మరి. నాతో మాత్రం ప్రతిసారీ అప్పజెప్పించుకునేవాడు. పిట్టను చూసే తొందరలో ఏదో ఒకటి అనేసేవాణ్ణి. "పొట్టి విడి" అన్నా గాలికి ఆయన చెవిన పడేది కాదు. ఆ రెండు తోకలూ గాలికి ఆయన మెడను గిలిగింత పెట్టేవి. దోమ అనుకుని టప్పున కొట్టుకునేవాడు.

క్లిప్పు పోయాక దుర్భిణిని మెడలోంచి తియ్యడం పూర్తిగా మానేశాడు. ఎవరైనా చూడాలంటే మెడ వంచి ఆయన రొమ్ము దగ్గరికి రావలసిందే. ఇద్దరి చెంపలు ఆనుకునేవి. ఆయన వక్కపొడి వాసన, నా అమృతాంజనం వాసన ఒకటయ్యేవి. పిట్ట ఎడమకు పోతే నా చెవి పట్టుకుని తల ఎడమకు తిప్పేవాడు. నేను ఇన్నేళ్లలో చూసిన పిట్టలన్నీ అట్లా ఆయన ఊపిరి చెవిలో పడుతుండగా చూసినవే. నాకూ ఒక దుర్భిణి ఉంది, నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో కొన్నది. దాంట్లో కాకి కూడా అనుమానంగానే కనిపిస్తుంది.

వదినకు మొదటినుంచీ ఆ పట్టీ అంటే భయం. ఆయన కారు నడుపుతూ కరెంటు తీగల మీది పిట్టల్ని చూస్తున్నాడని తెలిసి తాళంచెవి దాచేసింది. దాంతో మా ప్రయాణాలు బస్సుల్లోకీ, నా స్కూటరు మీదికీ మారాయి. ఆమె భయం తగ్గకపోగా నా మీదికి మళ్లింది. బయల్దేరే ప్రతిసారీ గడపలో నిలబడి అదే మాట.

"తమ్మీ, బండి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అది తీపియ్యి."

"నా మాట వింటాడా వదినా?"

"నా మాటే ఇనడు, నీ మాట ఇంటడా. గని ఆయన మెడ నీ చేతుల్ల బెడ్తాన. ఎట్ల తీస్కపోతానవో అట్ల తెచ్చియ్యాలె."

అప్పటినుంచి నేను పిట్టల్ని సరిగ్గా చూసింది లేదు. ఆయన పిట్టను చూస్తుంటే నేను ఆయన మెడను చూసేవాణ్ణి. ముళ్లకంచె దాటితే మెడ, బావి గట్టున వంగితే మెడ. స్కూటరు వెనక కూర్చుంటే పట్టీ చక్రంలో పడుతుందేమోనని ఒక చెయ్యి వెనక్కి పెట్టి తడుముకుంటూ నడిపేవాణ్ణి. ఎదురొచ్చినవాళ్లు ఏమనుకున్నారో అడగలేదు. ఒకసారి చెరువు కట్ట మీద తుమ్మకొమ్మ ఒకటి పట్టీలో దూరింది. ఆయనకు తెలియదు, నీళ్ల మీద ఏదో కొత్త బాతు కనబడి కట్ట వాలులోకి అడుగేశాడు. కొమ్మ వంగింది, పట్టీ బిగిసింది, ఆయన మునివేళ్ల మీద ఆగిపోయాడు. "అన్నా, కదలకు" అని నేను ముళ్లలో చెయ్యి పెట్టి విడిపించేదాకా ఆయన దుర్భిణి కళ్లమీది నుంచి దించలేదు. "నువ్వు గిట్ల సప్పుడు జేస్తే బాతు పోతది" అన్నాడు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒకసారి పాకాల వైపు బయల్దేరాం. ప్రైవేటు మినీ బస్సు. ఆ పక్క ఊళ్లో అంగడి రోజు కాబట్టి లోపల గంపలు, కోళ్లు, మనుషులు, వాటి మధ్య డ్రైవరు పెట్టిన పాటలు. సేటు నిలబడే వచ్చాడు. కొంగుకు కోడికాళ్లు కట్టుకున్న ఒక ముసలమ్మ ఆయన పొట్టకేసి చూసి "గదేంది బిడ్డా" అంది. "దుర్భిణమ్మా, దూరంవి దగ్గరికొస్తయి" అని ఆమె తలను తన చెంపకు ఆనించుకుని చూపించాడు. ఆమె కాసేపు చూసి, "మా కోడలు అవుపడ్తాంది, దగ్గరికి తేకు" అని తల వెనక్కి తీసుకుంది. బస్సంతా నవ్వింది.

మేం దిగాల్సిన చోటు వచ్చింది. నేను "అన్నా, అది తియ్యి" అన్నాను. ఆయన "ఆఁ ఆఁ" అని, పట్టీని మెడ మీదినుంచి చంక కిందికి వేసుకుని, దుర్భిణిని వీపు వెనక్కి తోసుకుని మెట్ల వైపు కదిలాడు. నేను ఆయన వెనకే.

బస్సు మెట్ల దగ్గర, ఎక్కేవాళ్లు పట్టుకోవడానికి నిలువుగా ఒక ఇనుప రాడు ఉంటుంది. సేటు ఆ రాడుకు ఇటుపక్కనుంచి దిగాడు. తోపులాటలో వీపు మీది దుర్భిణి అటుపక్కకు జారి, రాడుకూ తలుపు రేకుకూ మధ్య సందులో ఇరుక్కుంది. ఆయన చూసుకోలేదు. ఒక కాలు నేల మీద పెట్టాడు. రెండోదీ పెట్టాడు. అలవాటు ప్రకారం తిరిగి బస్సు రేకు మీద రెండుసార్లు గట్టిగా చరిచి, "పోనియ్, పోనియ్" అన్నాడు.

డ్రైవరు పోనిచ్చాడు.

నేనింకా మెట్టు మీదే ఉన్నాను. పట్టీ నా కళ్లముందు బిగిసింది. ఆయన ఒక అడుగు వెనక్కి లాగబడి, బస్సు పక్కన నడవడం మొదలుపెట్టాడు, ఏదో గుర్తొచ్చి డ్రైవరుకు చెప్పడానికి వస్తున్నట్టు. తర్వాత నడక పరుగైంది. ఆపు, ఆపు అని అరిచాను. పాటలో కలిసిపోయింది. రేకు మీద దబదబా బాదాను. ఆ బాదడమే కొంప ముంచింది. బస్సు భాషలో ఒక్క దెబ్బ అంటే ఆగు, మరిన్ని దెబ్బలంటే పో. డ్రైవరు గేరు మార్చాడు.

ఆయన రోడ్డు అంచున పరిగెత్తుతున్నాడు. ఒక చెప్పు పోయింది. ఒక చెయ్యి పట్టీకీ గొంతుకూ మధ్య ఇరికించుకున్నాడు, రెండో చెయ్యి తలుపు రేకు మీద. ఆయన కాలికి కొంచెం వెనకాల బస్సు వెనక చక్రం. ఆయన పడితే ఎటు పడతాడో నాకు కనబడుతూనే ఉంది. దుర్భిణిని సందులోంచి పీకబోయాను, రాలేదు. పట్టీ సాగి సాగి, ఎప్పుడూ ఆయన మెడ వెనక ఉండే తెల్లటి కుట్టు నా మోకాలి ఎత్తుకు వచ్చి నిలిచింది. దానికి రెండు తోకలు, గాలికి టపటప కొట్టుకుంటూ.

అన్నిసార్లు అప్పజెప్పిన పాఠం. పొట్టి ముడి, పొడుగు విడి. పొట్టి విడి, పొడుగు ముడి. రెండూ నోటికి ఒక్క తీరుగానే తిరిగాయి. మందుల పేర్లు వందలు గుర్తుపెట్టుకునే బుర్రలో ఈ నాలుగు మాటలు నిలబడలేదు. చేతికి పొట్టిది దొరికింది. గుంజాను. కుట్టు బిగిసి రాయి అయింది.

ఆయన నా చేతిని చూశాడు. నోరు తెరిచాడు. "పొ... పొ..." అని మాత్రం వచ్చింది. పొట్టికీ పొడుగుకూ మన పెద్దలు ఒకే అక్షరం ఎందుకు కేటాయించారో ఆ క్షణంలో అడిగే తీరిక లేదు.

అప్పుడాయన చేసిన పని నేను మరిచిపోలేను. గొంతుకు అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసేశాడు. రేకు మీది చెయ్యి కూడా తీసేశాడు. పట్టీ మెడలోకి దిగుతుండగా, పరిగెడుతూనే, రెండు చేతులూ ఎడంగా చాపి, యార్డులో తాడు పొడుగు చూపించినట్టు చూపించాడు. ఇంత.

పొడుగుది పట్టుకుని గుంజాను. సర్రుమంది.

పట్టీ పాములా ఆయన భుజం మీదినుంచి జారిపోయింది. ఆయన వెల్లకిలా రోడ్డు పక్క మొరంలో పడ్డాడు. చక్రం ఆయన చెప్పులేని కాలి పక్కనుంచి పోయింది. వెనకనుంచి ముసలమ్మ చెయ్యి ఒకటి వచ్చి రేకు మీద ఒక్కటంటే ఒక్క దెబ్బ వేసింది. బస్సు ఆగింది.

నేను దుర్భిణిని పీక్కుని పరిగెత్తేసరికి ఆయన లేచి కూర్చున్నాడు. కళ్లద్దాలు ఒక చెవికి వేలాడుతున్నాయి.

"పలిగిందా?" అన్నాడు. గొంతు చీరుకుపోయి ఉంది.

"లేదన్నా."

"పొట్టిది ఎందుకు గుంజినవ్?"

"మర్చిపోయిన."

"ఎన్ని దినాల సంది చెప్తాన తమ్మీ." తిట్టినట్టు లేదు. తనకు తాను చెప్పుకున్నట్టుంది. నేను చూడకుండా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా తీగ మీద పాలపిట్ట వాలింది. ఆయన దానికేసి తలెత్తలేదు. నా చేతిలోంచి దుర్భిణి అడగనూ లేదు. ఆ మెడను ఖాళీగా చూసినకొద్దీ నాకు భయమేసింది, అక్కడ ఎర్రగా వాత తేలుతోంది.

లేచేటప్పుడు మాత్రం అన్నాడు. "మీ వదినకు జెప్పకు."

నేను చెప్పలేదు. మెడ చెప్పింది. గుమ్మంలో వదిన ముందు దాన్ని చూసింది, తర్వాత నన్ను. నా చేతిలో ఊడిన పట్టీని చూసింది. లోపలికి వెళ్లి పసుపు, వెన్న తెచ్చి వాతకు రాస్తూ, ఆయనతో కాదు, గోడతో అన్నట్టు అంది.

"సమ్మక్క తల్లీ, మెడ మిగిలింది. నిలువెత్తు బంగారం ఇస్త."

మరునాడే ఆయన యార్డుకు పోయి పట్టీని మళ్లీ కుట్టుకున్నాడు. అదే మిషను, అదే దారం. క్లిప్పు పెట్టించమని నేను బతిమాలాను. "క్లిప్పు ఉంటె ఆనాడే నీ చేతుల్ల ఊడకపోయి సచ్చేటోన్ని. కుట్టు కాబట్టి బతికిన" అన్నాడు. నేర్చుకున్నది మాత్రం ఒకటుంది, బండి దిగాక చరిచే ముందు ఒక చేత్తో మెడ వెనక తడుముకునేవాడు. తడుముకున్నాక చరిచేవాడు.

సమ్మక్క జాతర వచ్చింది. మేడారంలో బంగారమంటే బెల్లమే. ఎవరి కోసం మొక్కితే ఆ మనిషి ఎత్తు బెల్లం తూచి తల్లికి ఇవ్వాలి. సేటును తూచడానికి యార్డులో ఆయన కాటానే సిద్ధం చేశారు. ఆయన దుర్భిణితోనే ఎక్కాడు.

"అది తీసి ఎక్కుండ్రి" అంది వదిన.

"ఎందుకు?"

"మొక్కు మీకు. దానికి కాదు."

"మొక్కింది ఈ మెడకు. మెడల ఉన్నది మెడతోటే. తల్లికి తక్కువ తూకం ఏస్తనా?"

యార్డులో పుట్టి పెరిగిన తూకం నీతి అది, ఎవరూ కాదనలేకపోయారు. ఏ పట్టీ వల్ల మెడ పోబోయిందో ఆ పట్టీ ఎత్తు బంగారం కూడా తల్లి గద్దెకు చేరింది. వదిన ఆ అదనపు బెల్లం ముక్కను గద్దె మీద పెడుతూ ఏదో గొణిగింది. తల్లికి మాత్రమే వినబడింది.

పోయిన వానాకాలం ఒక పొద్దున ఆయన షాపుకు వచ్చి, "రొమ్ముల ఏదో పట్టినట్టున్నది తమ్మీ, గ్యాస్ గోలీ ఇయ్యి" అన్నాడు. ఆయన రంగు చూసి నేను గోలీ ఇవ్వలేదు, షట్టరు దించి హనుమకొండ దవాఖానకు తీసుకుపోయాను. లోపల నర్సమ్మ, "మెడలవన్ని తీసెయ్యాలె" అంది. కళ్లద్దాల దారం తీశాడు. కార్డు తాడు తీశాడు. మూడో దాని దగ్గర చెయ్యి ఆగింది. నాకేసి చూశాడు. ఇన్నేళ్లలో మొదటిసారి తనే మెడ వంచాడు.

"జర పట్టుకో తమ్మీ. ఎవలికియ్యకు."

తీశాక మెడ మీద పట్టీ వెడల్పున తెల్లటి చార. ఎండ తగలని చోటు. ఆ చారను చూస్తుండగానే తలుపు మూశారు. మళ్లీ ఆ మెడ ఎటూ తిరగలేదు.

దినాలన్నీ అయ్యాక నేనూ నా భార్యా దుర్భిణి తీసుకుని వాళ్లింటికి వెళ్లాం. ఎవరికీ ఇవ్వకు అన్నాడు నిజమే. ఆ 'ఎవరికీ'లో వదిన కూడా వస్తుందో లేదో నాకు తేలలేదు. ఫోటోకు దండ వేసి ఉంది. ఫోటోలో కూడా మెడలో ఆ మూడూ ఉన్నాయి.

"ఇది మీది వదినా" అన్నాను.

"దాంట్ల నేనేం జూస్త తమ్మీ. నీ దగ్గరనే ఉండనియ్యి." చేతిలోకి తీసుకుని బరువు చూసింది. "గని ఈ పట్టీ వద్దు. దీన్ని జూస్తె నాకు ఆనాటి వాత యాదికొస్తది. ఊడగొట్టి ఇస్త, వేరేది ఏసుకో." పట్టీని తిప్పితే కుట్టు పైకి వచ్చింది, రెండు తోకలతో. "ఏది గుంజాలె?"

ఇప్పుడు నాకు తెలుసు. నిద్రలో లేపి అడిగినా నోరు చెప్తుంది, చేతికే ఇంకా రాలేదు. పొడుగుది గుంజితే ఆయన మిషను పట్టుకుని వేసిన ఆ కుట్టు సర్రుమని దారమైపోతుంది. దారాన్ని ఎవరైనా పారేస్తారు.

"పొట్టిది" అన్నాను.

నా భార్య నావైపు తిరిగింది. వదిన పొట్టి తోకను రెండు వేళ్లతో పట్టుకుని గుంజింది. బిగిసింది. మళ్లీ గుంజింది. ఇంకా బిగిసింది. మూడోసారి గుంజలేదు. ఆ కుట్టు మీద బొటనవేలు పెట్టి రాస్తూ కూర్చుంది.

"బస్తాల ఇంటికి కోడలుగ వచ్చినదాన్ని తమ్మీ. ఏది గుంజితె ఏమైతదో నాకు తెల్వదా?"

"మరి నన్నెందుకు అడిగిండ్రు?"

ఆమె పట్టీని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. "మెడ వంచు" అంది.

వంచాను. పట్టీ మెడ మీద పడింది. అంత బరువుంటుందని నాకు అన్నేళ్లు తెలియదు, ఎప్పుడూ సగం ఆయన మోసేవాడు. కంపెనీ అక్షరాలు నిజంగానే గీకాయి. వదిన నా వీపు మీదుగా నా భార్యను చూసింది.

"చెల్లే, ఇగ ఈ మెడ నీ చేతుల్ల బెడ్తాన."

నా భార్య లేచి నా వెనక్కి వచ్చింది. చొక్కా కాలరు కింద వేలు పెట్టి పట్టీని పైకి తీసింది.

"పొడుగు తోక ఏదో జర చూపెట్టు అక్కా" అంది.